నెల లెక్క సరిపోతోంది, ఏడాది లెక్కే తప్పుతోంది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు విశాఖ మరబోట్లు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా కేంద్రం విధించే నిషేధం అది. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, కలాసీ ఇంటికి వేట వాటా రాదు. నిషేధం ముగిసేది జూన్ 14న. రాష్ట్రంలో బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. ఇంట్లో డబ్బు పూర్తిగా అడుగంటిన ఆ వారంలోనే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. వేట విరామానికి ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. అది మంచి నిర్ణయమే. కానీ రెండు నెలల తిండి, అద్దె, మందుల ఖర్చు పోయాక అందులో బడి కోసం మిగిలేది ఏముంటుంది? వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కేది అప్పుడే.

ఇది హార్బర్ చుట్టుపక్కల ఇళ్లకే ఉన్న ఇబ్బంది అనుకోకూడదు. గాజువాక, కూర్మన్నపాలెం, గోపాలపట్నం, మధురవాడలలో నెల జీతం మీద బతికే ఇళ్లలోనూ అప్పు ఎక్కువగా పుట్టేది ఇలాగే. పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాస్, అద్దె ఎలాగోలా జీతంలో సర్దుకుంటాయి. సర్దుకోనివి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవి. జూన్ ఫీజులు, సంక్రాంతి బట్టలు, కూతురికీ అల్లుడికీ పెట్టుపోతలు, ఆషాఢం సారె, బండి బీమా, ఎల్ఐసీ ప్రీమియం, జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) కట్టే ఇంటి పన్ను, మేనకోడలి పెళ్లి. వీటిలో చెప్పాపెట్టకుండా వచ్చేది ఒక్కటీ లేదు. సంక్రాంతి జనవరిలోనే వస్తుంది, బడి జూన్‌లోనే తెరుస్తారు. అయినా ప్రతి ఏడూ వాటిని అనుకోని ఖర్చుల్లో రాసి, చేబదులుతోనో క్రెడిట్ కార్డుతోనో గట్టెక్కుతున్నాం. కుటుంబ బడ్జెట్‌ను నెలకు వేసుకున్నంత కాలం ఆ ఇంటి అప్పు తీరదని, ఏడాదికి వేసుకుంటేనే తీరుతుందని నా గట్టి నమ్మకం.

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. ఆటోనగర్‌లో భర్త ఉద్యోగం, ప్రైవేటు బడిలో భార్య ఉద్యోగం, ఇద్దరి జీతం కలిపి నెలకు 45 వేలు. ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలకు ఏడాదికి 48 వేలు. పండుగలకు 15 వేలు. బీమాలకు, బండి మరమ్మతులకు 18 వేలు. ఇంటి పన్ను 4 వేలు. శుభకార్యాలకు 20 వేలు. ఇల్లు, ఫ్రిజ్, ఫ్యాన్ల మరమ్మతులకు 15 వేలు. ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పట్టే ఊరు మనది, ఈ చివరి పద్దును తక్కువ వేసుకోవద్దు. అన్నీ కలిపితే లక్షా 20 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 10 వేలు. అంటే ఆ ఇంటి చేతికి వచ్చేది 45 వేలైనా, నెల ఖర్చులకూ అప్పుల వాయిదాలకూ కలిపి వాడుకోగలిగేది 35 వేలే. చాలా ఇళ్లలో బడ్జెట్ మొదటి వరుసలోనే తప్పుతోంది. 45 వేలు ఉన్నాయనుకుని వాయిదాలు ఒప్పుకుంటారు, ఆ పైన ఎంత పొదుపుగా ఉన్నా జూన్‌లో బోల్తా పడతారు.

ఆ 10 వేలను జీతం పడిన రోజే వేరే ఖాతాకు మార్చాలి. రికరింగ్ డిపాజిట్ అయినా ఫర్వాలేదు, ఏటీఎం కార్డు లేని పొదుపు ఖాతా అయినా ఫర్వాలేదు. చీటీ వేయాలనుకుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదే ఎంచుకోవాలి. వీధిలో తెలిసినవారు నడుపుతున్నారన్న ధీమాతో పిల్లల ఫీజు డబ్బును పణంగా పెట్టకూడదు. చేతిలో ముందుగా డబ్బుంటే చిన్న లాభాలూ కలుగుతాయి. మొత్తం ఏడాది ఇంటి పన్నును ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ఉంది. అప్పుల్లో ఉన్న ఇంటికి ఏప్రిల్‌లో ఆ సొమ్ము ఉండదు గనుక రాయితీ దక్కదు, గడువు దాటితే వడ్డీ కూడా పడుతుంది.

ఇక అప్పుల జాబితా. ఈ విషయంలో తెలుగు కుటుంబాలతో కాస్త కఠినంగానే మాట్లాడాలి. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో పేరు పేరునా రాసుకుంటాం. పదేళ్ల తర్వాత వాళ్లింట్లో పెళ్లి జరిగితే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. అంత శ్రద్ధగా పద్దులు రాయగలిగిన ఇంట్లో మొత్తం అప్పు ఎంతో భార్యాభర్తలిద్దరికీ కలిపి తెలియదు. పర్సనల్ లోను, స్నేహితుడికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు, కార్డు బాకీ భర్తకు తెలుసు. డ్వాక్రా వాయిదా, పక్కింట్లో తెచ్చిన చేబదులు, తాకట్టులో ఉన్న గాజులు భార్యకు తెలుసు. ఒకరి నుంచి మరొకరు దాచేది మోసం చేయాలని కాదు, బాధ పెట్టకూడదని. కానీ ఆ దాపరికంలోనే ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు పుడుతూ ఉంటుంది. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, నెలకు కట్టేదెంత అని ఒకే కాగితం మీద రాయాలి. గతంలో ఎందుకు చేశావన్న ప్రశ్నకు ఆ రాత్రి చోటివ్వకూడదు. అప్పుడు మొదలైన తగవు ఆ కాగితాన్ని చింపేస్తుంది.

2022లో రిజర్వ్ బ్యాంకు సూక్ష్మ రుణాలకు ఒక హద్దు పెట్టింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సంస్థలకు విధించిన ఈ గరిష్ఠ పరిమితిని చూసి సగం దాకా వెళ్లవచ్చని ఎవరూ అనుకోవద్దు. ఏడాది ఖర్చుల వాటా కూడా తీసి పక్కన పెడితే, మూడో వంతు దాటిన ఇంట్లోనే ఊపిరాడదు.

కాగితం మీద వడ్డీలు పక్కపక్కన రాస్తే చాలా విషయాలు వాటంతట అవే తేలతాయి. క్రెడిట్ కార్డులో 80 వేల బాకీ ఉందనుకుందాం, వడ్డీ నెలకు మూడున్నర శాతం. కనీస మొత్తం కింద 5 శాతం, అంటే 4 వేలు కట్టారు. అందులో 2,800 వడ్డీకి పోతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 504. అసలు తగ్గింది 696 రూపాయలు. డైలీ ఫైనాన్స్ లెక్క ఇంకా దారుణం. పది వేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని చేతికి 9 వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతుంటుంది గనుక ఏడాదికి లెక్కగడితే ఆ వడ్డీ 75 శాతం దాటుతుంది. పూర్ణా మార్కెట్‌లోనూ వీధి చివర బండి మీదా వ్యాపారం చేసుకునే చిన్నవాళ్లకు ఇంత ఖరీదైన అప్పు దొరుకుతుంటే, తాకట్టు పెట్టడానికి బంగారం ఉన్నవారికి పదో పన్నెండో శాతానికి బ్యాంకు ఇస్తోంది. ఈ అన్యాయం గురించి మనం మాట్లాడవలసినంత మాట్లాడడం లేదు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో బాబాయి దగ్గర తెచ్చిన లక్షన్నరకు నెలకు 3 వేలు కడుతూ ఐదేళ్లు గడిపితే లక్షా 80 వేలు వడ్డీకే పోతుంది, లక్షన్నర అసలు అలాగే ఉంటుంది. బాబాయి గట్టిగా అడగడు గనుక, బ్యాంకు వాళ్లు ఫోన్లు చేస్తారు గనుక, ముందు బ్యాంకుకే కడతాం. ఈ వరుసను మార్చుకోవాలి. ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి మిగులంతా పోయాలి, మిగతా వాటికి కట్టవలసినంతే కట్టాలి. దీనికి ఒక్క మినహాయింపు ఇస్తాను. అప్పిచ్చిన మనిషికి ఆసుపత్రికో కూతురి పెళ్లికో ఆ డబ్బు అవసరం పడితే, వడ్డీ లేని చేబదులైనా ముందు అదే తీర్చాలి. లెక్కలో అది నష్టమే, కానీ మనకు కష్టంలో చేయూతనిచ్చిన మనిషిని కష్టంలో వదిలేయకూడదు.

బంగారం మాటకొస్తే, బీరువాలో నగలు ఉంచుకుని కార్డుకు ఏడాదికి 42 శాతం కట్టడంలో అర్థం లేదు. ఆ నగల మీద బ్యాంకు రుణం తీసుకుని కార్డు బాకీ మొత్తం తీర్చేయవచ్చు. అయితే అదే రోజు కార్డును రద్దు చేయాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి కార్డు బాకీ, తాకట్టు రెండూ నెత్తిన ఉంటాయి. ఏళ్ల తరబడి వడ్డీ కట్టి తిరగరాయిస్తూ వస్తున్న నగ ఉంటే, విడిపించి అమ్మేయమనే నా సలహా. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. అమ్మ పెట్టిన నగను అమ్మడం ఎంత కష్టమో తెలియక అంటున్న మాట కాదు ఇది. ఒంటి మీదికి ఎన్నడూ రాకుండా లాకర్‌లోనే వడ్డీ తింటున్న నగ గురించి చెబుతున్నాను.

ఇంటి రుణం సంగతి వేరు. 7 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 25 లక్షలు తీసుకుంటే నెల వాయిదా సుమారు 19,380 రూపాయలు. వడ్డీ 9 శాతానికి పెరిగినా అదే వాయిదా కడుతూ పోతే ఆ 25 లక్షలు తీరడానికి 38 ఏళ్లు పడుతుంది. 2022 మే నుంచి రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, వరుసగా పెరిగినప్పుడు చాలామందికి వాయిదా మారలేదు, గడువు మాత్రం పెరిగిపోయింది. అందుకే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశమిచ్చింది. వాయిదా పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, కొంత ముందే కట్టేయడమా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఉండాలి. శాఖకు వెళ్లి మిగిలిన గడువు ఎంతో రాతపూర్వకంగా అడగండి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో ఒక శాతం తగ్గింది. ఆ తగ్గుదలను వాయిదాలో కాకుండా గడువులో తీసుకోండి.

పొదుపు పాఠాలు చెప్పేవారు ఎప్పుడూ కూరగాయల దగ్గర మొదలుపెడతారు. సీతమ్మధార రైతుబజారుకో ఎంవీపీ కాలనీ రైతుబజారుకో వెళ్తే కొంత కలిసొస్తుంది, వెళ్లాలి కూడా. కానీ ఇల్లాలి వంటింటి ఖర్చులో కోత పెట్టి, గృహప్రవేశానికీ ఓణీల ఫంక్షన్‌కూ లక్షలు అప్పు తెచ్చే ఇంట్లో ఆ కోత ఎవరి కోసం? పిల్లల పాలు, పెద్దవాళ్ల మందులు తగ్గించి రాసిన బడ్జెట్ మూడు నెలలు కూడా నిలవదు, నిలవకూడదు కూడా. కోయవలసింది నలుగురి కోసం చేసే ఖర్చును. సంక్రాంతికి వచ్చిన బంధువులకు ఈ ఏడు బట్టలు పెట్టలేమని చెప్పగలగడానికి చాలా ధైర్యం కావాలి. అప్పు తీరేదాకా ఆ మాట ఇంటి పెద్ద నోటి నుంచే రావాలి, కోడలి చేత చెప్పించకూడదు.

అసలు ఆదాయమే రానప్పుడు ఏ బడ్జెట్టూ నిలవదు. 2024లో ఉక్కు కర్మాగారం ఉద్యోగులకు జీతాలు ఆలస్యంగా, విడతలుగా అందాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఆమోదించిన తర్వాత కూడా కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలు సాగాయి. అటువంటి ఇళ్లకు క్రమశిక్షణ గురించి ఉపన్యాసమివ్వడం నిర్దయ. వారికి చెప్పగలిగింది ఒకటుంది. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, ఆదాయం ఆగిందని రాసిచ్చి, గడువు మార్చమని అడగాలి. మూడు నెలలు దాటితే ఖాతా నిరర్థక రుణాల్లోకి వెళుతుంది, ఆ తర్వాత బ్యాంకు మాట తీరు మారుతుంది. ఆ మూడు నెలల్లో లోన్ యాప్ జోలికి వెళ్లకూడదు. ఫోనులోని నంబర్లు, ఫొటోలు చేతిలో పెట్టుకుని బెదిరిస్తే సిగ్గుపడి ఊరుకోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా చేతికి అందాలని 2019 వేతన కోడ్ చెబుతోంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ బాధ్యత పని చేయించుకున్న ప్రధాన యజమానిదే. విశాఖలోని పెద్ద పరిశ్రమల గేట్ల దగ్గర ఈ రెండు నిబంధనలను కచ్చితంగా అమలు చేయించగలిగితే, కార్మిక శాఖ ఈ ఊళ్లో వేల ఇళ్ల అప్పును పుట్టకముందే ఆపగలుగుతుంది.