పన్నుకు వృత్తి, గుర్తింపుకు కాదా?

దేశంలో సంప్రదాయ వృత్తులు ఎన్ని అంటే కేంద్రం లెక్కలో 18. చేతివృత్తులవారికి శిక్షణ, అప్పు ఇచ్చేందుకు 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ పట్టికలో వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు, దర్జీలు ఉన్నారు. చేపల వలలు అల్లేవారికీ చోటు దొరికింది. చేనేత కార్మికుడు మాత్రం లేడు. మోకు ముస్తాదుతో (తాడు, పనిముట్లతో) తాటిచెట్టెక్కే కల్లుగీత కార్మికుడు లేడు. నిజామాబాద్ నుంచి సిరిసిల్ల దాకా ఇంటింటా బీడీలు చుట్టే మహిళలూ లేరు.

చేనేతకు జౌళి శాఖ పథకాలు వేరే ఉన్నాయన్నది ఢిల్లీ సమాధానం. కావచ్చు. కానీ ఈ పథకం ఇచ్చేది పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీకి అప్పు మాత్రమే కాదు. నువ్వు పనిమంతుడివని చెప్పే ధ్రువపత్రం, గుర్తింపు కార్డు కూడా. అసలు పేచీ అక్కడే. వరంగల్ దర్రీకి (నేత తివాచీకి) 2018లో, అది ఆ ఊరి ప్రత్యేక సరుకని చాటే భౌగోళిక గుర్తింపు ఇచ్చి గొప్పలు చెప్పుకొన్నారు. వరంగల్‌లోని కొత్తవాడలో ఆ దర్రీ నేసే చేతులకు మాత్రం ఈ పట్టికలో చోటు లేదు. సరుకుకు పేరు, మనిషికి మొండిచేయి!

పోనీ, పట్టికలోకి ఎక్కినవారికైనా మర్యాద దక్కిందా? తాతల నాటి నుంచి ఉలి పట్టిన శిల్పి సైతం ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణకు కూర్చోవాలి. రోజుకు రూ.500 భృతి ఇస్తున్నాం కదా అంటారు. అదే న్యాయవాది నడవడి తప్పితే విచారించేది 1961 చట్టం కింద ఏర్పడిన బార్ కౌన్సిల్, అంటే సాటి న్యాయవాదులే. వైద్యుల తప్పొప్పులు తేల్చే మండళ్లలోనూ ఎక్కువమంది వైద్యులే ఉంటారు. పని తెలిసినవారే పనితనాన్ని తూచాలన్న ఈ నియమం నల్లకోటు, తెల్లకోటు దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

ప్రాణాలతో ముడిపడిన పనులకు కట్టుదిట్టమైన అర్హతలు ఉండాల్సిందే. పట్టా లేని వైద్యాన్ని మేమూ సమర్థించం. అయితే తాటిచెట్టు మీద మోకు జారితే పోయేదీ ప్రాణమే. ఆ నేర్పు ఏ కళాశాలలో దొరుకుతుందో అధికారులే చెప్పాలి.

పన్ను వసూలులో సర్కారుకు ఇన్ని సందేహాలు రావు. రాజ్యాంగం 276వ అధికరణ వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాలు అన్నింటినీ ఒకే గాటన కట్టి, ఒక్కొక్కరిపై ఏడాదికి రూ.2,500 వరకు రాష్ట్రాలను పన్ను వేసుకోనిస్తోంది. అక్కడ ఎవరూ ‘మీది సంప్రదాయమా, కుటుంబ వృత్తేనా’ అని అడగరు. ఇచ్చేటప్పుడే ఈ వడపోత. ఇవాళ మగ్గాన్ని వదిలేస్తే, రేపు ఏ పథకం వచ్చినా ఇదే పట్టిక చూపించి తలుపు మూస్తారు. బీడీ కార్మికులకు 1966లోనే ప్రత్యేక చట్టం చేసిన దేశం, వారి చేతిలో నేర్పు ఉందని ఒప్పుకోవడానికి ఇంకా వెనకాడటం సిగ్గుచేటు.

పట్టికను వెంటనే సవరించాలి. నైపుణ్యాన్ని పరీక్షించే చోట గుమాస్తాలను కాదు, ఆ పనిలో తల నెరిసినవారిని కూర్చోబెట్టాలి. ఎన్నికలప్పుడు మగ్గం ముందు ఫొటోలు దిగే నాయకులు ముందు ఒక్క గజం దర్రీ నేసి చూపించాలి. ఎవరికి శిక్షణ కావాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.