సీబీజీ వంగడం: బలమా, బలహీనతా?

మత్తు కలిగించని కన్నాబిజెరాల్ (సీబీజీ) ప్రధానంగా ఉండే వంగడాలకే హెంప్ (మత్తు పదార్థం అతి తక్కువగా ఉండే గంజాయి జాతి మొక్క) ప్రజననంలో పెద్దపీట వేయాలా అన్నది చర్చాంశం.

అనుకూల వాది: తప్పక వేయాలి. 1964లో శాస్త్రవేత్తలు గవోనీ, మెషూలం ఈ పదార్థాన్ని వేరుచేసి చూపిన నాటి నుంచి దీనిని చిల్లర సరుకుగానే చూశారు, ఎందుకంటే మామూలు మొక్క ఎండు పూతలో ఇది సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. మొక్క దీనిని తయారు చేయక కాదు, మిగల్చక ఈ కొరత. పూత మీది గ్రంథి రోమాల్లో ముందుగా పుట్టేది సీబీజీ ఆమ్లమే. ఒక ఎంజైమ్ దానిని టీహెచ్‌సీ (మత్తు కలిగించే పదార్థం) ఆమ్లంగా, మరొకటి సీబీడీ (మత్తు కలిగించని మరో పదార్థం) ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ ఎంజైములు సరిగా పనిచేయని మొక్కను ఎంచుకుంటే తల్లి పదార్థం మారకుండా నిలిచిపోతుంది.

ప్రతికూల వాది: అంటే లోపాన్నే గుణంగా నిలబెట్టమంటున్నారు. పరిశోధకులు డి మైయర్, హామండ్ 2005లో చూపినట్లు అది అంతర్గత లక్షణం, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. హెంప్ పుప్పొడి గాలిలో చాలా దూరం పోతుంది. పక్క పొలం నుంచి వచ్చిన ఒక్క రేణువు మీ ఆడ మొక్క కీలాగ్రం మీద వాలి గింజ కట్టిందంటే, ఆ గింజ నుంచి మొలిచిన మొక్కలో ఎంజైమ్ మళ్లీ పని మొదలుపెడుతుంది, సీబీజీ కరిగిపోతుంది.

అనుకూల వాది: అందుకే మొలక దశలోనే ఆకు ముక్క తీసి జన్యు పరీక్ష చేస్తాం, నమ్మకమైన మొక్క నుంచి కొమ్మ కత్తిరింపులతో పెంచుతాం. మీ మాటలో నిజముంది కానీ, రైతు నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. సీబీడీ ఎంజైమ్ కొద్దిపాటి టీహెచ్‌సీ ఆమ్లాన్ని కూడా తయారు చేస్తుంది కనుక, సీబీడీ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అమెరికాలో 2018 వ్యవసాయ చట్టం పెట్టిన 0.3 శాతం టీహెచ్‌సీ హద్దు దాటితే నెలల తరబడి పెంచిన పంటను హెంప్‌గా అమ్ముకునే వీలుండదు. సీబీజీ మొక్కలో ఆ గండం మూలంలోనే తగ్గిపోతుంది. నాకు అన్నిటికన్నా బరువైన కారణం ఇదే.

ప్రతికూల వాది: ఆ కారణాన్ని కాదనను. అయితే 2019లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈస్ట్‌తోనే సీబీజీ ఆమ్లాన్ని చేయించారు. పదార్థమే కావాలంటే పొలం ఎందుకు?

అనుకూల వాది: ఈస్ట్ నార ఇవ్వదు. ఫ్రాన్స్‌లో రూపొందిన శాంతికా నార వంగడమే, దానిలో ప్రధానంగా ఉండేదీ సీబీజీయే.

ప్రతికూల వాది: నార కోసం పెంచితే నాకు అభ్యంతరం లేదు. పూత కోసమైతే, చేతిలో ఉన్న కొద్దిపాటి వంశాలనే మళ్లీ మళ్లీ సంకరించి జన్యు వైవిధ్యాన్ని కుదించేస్తారని నా భయం. తెగులును తట్టుకునే శక్తి అందులోనే పోవచ్చు.

అనుకూల వాది: ఆ భయం సరైనదే. లోపమున్న ఆ ఒక్క జన్యువునే తీసుకుని, వేర్వేరు ప్రాంతాల దృఢమైన మొక్కలతో తరతరాలుగా సంకరించి, ప్రతి తరంలోనూ ఆకు పరీక్షించాలి. శ్రమే, కానీ అది చేయని వంగడాన్ని నేనూ విత్తనంగా అమ్మను.