తేడాల టేబుల్ గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ తేడాల టేబుల్ గారికి నమస్కారాలు,

టెస్టుల సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన, క్విట్ ఇండియా ఉద్యమాలను పోల్చమంటే చేతులు పడిపోయేదాంక రాసిన, ఇయ్యాల పేపర్ ఇచ్చిండ్రు, మీద ఎర్ర పెన్నుతోని ఒకటే ముక్క, "టేబుల్ ఏది?" అని. మార్కులు అడగకుండ్రి, ఇంట్ల గూడ చెప్పలే. సార్‌ను కలుద్దామని పోతే కోచింగ్ సెంటర్ మెట్ల మీద పొద్దుగూకేదాంక కూసోబెట్టి, లాస్టుకు మీ జిరాక్స్ కాపీ చేతుల పెట్టి పంపిండ్రు.

సరే, మీ దర్శనం అయింది. మూడు కాలమ్‌లు, నీట్‌గ గీతలు. చీరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టం అని 1921ల ఊరే ఇడిసిపెట్టి రామనగర్‌ల గుడిసెలేసుకున్న సంగతి మీ గడిల పట్టలేదు, పాపం జాగ తక్కువ. ధరాసన ఉప్పు కొటార్ల కాడ లాఠీలకు తలలు పగిలినోళ్లంత "ఉప్పు" అనే ఒక్క మాటల సర్దుకున్నరు, పోనీ.

కానీ ఆ "విరమణ" అనే వరుస ఉంది చూడండ్రి, దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతది. 1922 చౌరీచౌరా, 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందం, 1942 అణచివేత. అయిపాయె! అరే, చౌరీచౌరాల పోలీస్ స్టేషన్ తగలబెట్టి 22 మంది పోలీసులను చంపిండ్రని వారం తిరిగేసరికి దేశం మొత్తం ఉద్యమాన్ని ఆపేసిన మనిషి గాంధీ, 1930ల దండికి బయల్దేరకముందే రాసిండు, ఈసారి ఒక్క సత్యాగ్రహి బయట మిగిలినా ఆపేది లేదని. అన్నట్టే చిట్టగాంగ్‌ల ఆయుధాగారం మీద దాడి అయింది, షోలాపూర్‌ల పోలీస్ స్టేషన్లు కాలినయి, ఆపలే. 1942 ఆగస్టు 9 తెల్లారంగనే ఆయన్నే పట్టుకపోయిండ్రు, ఇగ ఆపుమనేటందుకు బయట ఎవలున్నరు? జనం రైలు పట్టాలు పీకిండ్రు, టెలిగ్రాఫ్ తీగలు తెంపిండ్రు, ఇదంత నీవల్లనే అని సర్కార్ అంటే, మీరు అందర్ని జైల్ల ఏసినందుకే జనం తిరగబడ్డరని ఎదురు జవాబు రాసి 1943 ఫిబ్రవరిల 21 రోజుల దీక్ష పట్టిండు. అదే మనిషి! ఇరవై ఏండ్లల ఎట్ల మారిండు, ఎందుకు మారిండు, పోల్చుడంటే గదే గదనే, నువ్వేమో నడుమ గీతలు కొట్టి ఒకదాని గాలి ఇంకోదానికి సోకకుంట చేసినవ్.

ఇగ మా నిజాం రాజ్యానికైతే నీ దాంట్ల ఒక్క కాలమ్ గూడ లేదు. 1938ల స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం చేసింది, అదిగూడ రెండు నెలలకే గాంధీ సలహా మీదనే ఆగింది, ఇగో నీ విరమణకు ఇంకో గడి, రాసుకో. అదే ఏడు వందేమాతరం పాడిండ్రని పిల్లగాండ్లను కాలేజీల నుంచి ఎళ్లగొడితే నాగపూర్ పోయి చదువుకున్నరు, అండ్ల మన వంగర పీవీ గూడ ఉన్నరు. ఆయన్ను యాడ కూసోబెడ్తవ్? అడిగితే అది వేరే పేపర్ అంటరు.

పరీక్ష ముందు రాత్రి సంవత్సరాలు కలగాపులగం అయితే నువ్వే దిక్కని తెల్సు, గందుకే చింపి పారెయ్యలే. వచ్చే టెస్టుల నిన్ను గీస్త, స్కేలు గూడ కొన్న. కానీ విరమణ వరుస మాత్రం ఒక పేజీ పొడుగుంటది, చెప్తున్న.

ఇట్లు,
సుబేదారి గ్రూప్స్ క్యాండిడేట్