మేం ఇల్లు కొన్నాక ఇంకా చరిత్ర ఎందుకు?

శివారు కాలనీకి చరిత్ర ఏముంటుందిలే అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. ఉంటుందండీ. కాకపోతే అన్నివేళలా ఉండదు. పక్క ప్లాటులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు దరఖాస్తు పడిన మర్నాడు పొద్దుటి నుంచి ఉంటుంది.

మా స్థానిక చరిత్ర సంఘం పుట్టింది అలాగే. అంతకుముందు కాలనీలో చరిత్ర మీద ఆసక్తి ఉన్న మనిషి ఒక్కరే, లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తూ కూర్చునే రిటైర్డ్ మాస్టారు. ఆయన ఎదురైతే ఎక్కడ కథ మొదలుపెడతారోనని జనం పక్క సందులోకి తిరిగేవారు. అలాంటిది, ప్లాటు గోడకు నోటీసు అంటించిన వారంలో ఆయన గుమ్మం ముందు నిలబడడానికి చోటు లేకపోయింది.

"మాస్టారూ, ఆ ప్లాటులో ఏమైనా జరిగిందా? యుద్ధంలాంటిది?"

"ఏమీ జరగలేదు నాయనా."

"పోనీ, ఎవరైనా గొప్పాయన ఒక రాత్రి బస చేశాడేమో గుర్తు తెచ్చుకోండి."

గుర్తు రాలేదు. అంత నిజాయితీ ఉన్న మనిషి సంఘానికి ప్రమాదమని గ్రహించిన పెద్దలు ఆయన్ని వెంటనే గౌరవ సలహాదారును చేశారు. ఆనాటి నుంచి ఆయన్ని ఎవరూ సలహా అడగలేదు.

వారసత్వ పరిరక్షణను నేను తక్కువ చేయడం లేదు. న్యూయార్క్‌లో 1910లో కట్టిన పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను, రాతి స్తంభాలతో సహా, 1963లో కూలగొట్టడం మొదలుపెట్టారు. ఆ దెబ్బకే 1965లో ఆ నగరం కట్టడాల రక్షణకు చట్టం చేసుకుంది, మరుసటి ఏడాది అమెరికా అంతటికీ జాతీయ చట్టం వచ్చింది. ఒక మహా కట్టడం పోయాక జనం ఏడ్చి తెచ్చుకున్న చట్టాలవి. అలాంటి ఆయుధం చేతికొచ్చాక కార్ల పార్కింగ్ స్థలాన్ని కాపాడుకోవడానికి వాడకపోతే ఆ స్టేషన్ త్యాగానికి అర్థమేముంది?

అవును, ఆ పక్క ప్లాటులో మేం కాపాడుతున్నది మా కార్లు నిలిపే పార్కింగ్ స్థలాన్నే. నవ్వకండి. బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీద కనిపించే లండన్ ఆబీ రోడ్డు జీబ్రా క్రాసింగ్‌కు 2010లో రక్షిత కట్టడం హోదా ఇచ్చారు. లండన్ శివారు హార్న్‌చర్చ్‌లో 1978 నాటి స్కేట్‌బోర్డు పార్కుకు 2014లో అదే గౌరవం దక్కింది. రెండింటికీ కారణాలు సబబైనవే. మా కార్యదర్శిగారు కారణాల దాకా చదవలేదు. రోడ్డు మీద తెల్ల గీతలకు హోదా వచ్చిందన్న ముక్క చదివి నేరుగా మా పార్కింగ్ స్థలానికి వెళ్లి గీతలు లెక్కపెట్టారు. క్రాసింగ్ కంటే మనవే ఎక్కువున్నాయని ఆ సాయంత్రమే నివేదిక సమర్పించారు.

అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరాలంటే మామూలుగా కట్టడానికి 50 ఏళ్లు నిండాలి. మా పార్కింగ్ స్థలానికి ఇంకా నిండలేదు. పైగా ఆ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన సొంతదారు తన డబ్బుతో తన కట్టడాన్ని పడగొట్టుకుంటానంటే ఆపేవాడు లేడు. ఆపే శక్తి ఉన్నదల్లా స్థానిక నిబంధనలకే. ఈ కిటుకు మాస్టారుకు ఎప్పటినుంచో తెలుసు, మాకు లాయరు చెప్పాక తెలిసింది. అందుకని మేం జాతి గౌరవాన్ని వదిలేసి, టౌన్ ప్లానింగ్ కమిటీ మీద పడ్డాం.

ఈ రంగంలో మాకంటే ముందు నడిచిన మహానుభావులున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయన తన బట్టలుతికే లాండ్రీ షాపు తీసేసి ఫ్లాట్లు కడతానంటే, ఆ షాపుకు చారిత్రక ప్రాధాన్యం ఏమైనా ఉందా అని 2018లో నూరు పేజీలు దాటిన అధ్యయనం రాయించారు. లేదని తేలింది. తేలితే తేలింది, ఆలోగా ఎన్ని నెలలు గడిచాయో చూడండి! పరిశోధన విలువ ఫలితంలో ఉండదు, పట్టే కాలంలో ఉంటుంది. కాలిఫోర్నియాలోనే వుడ్‌సైడ్ అనే సంపన్నుల ఊరు ఇంకో మెట్టు పైకెక్కింది. ఒక ఇంటి స్థలంలో రెండిళ్లు కట్టుకోవచ్చని 2022 జనవరిలో రాష్ట్ర చట్టం అమల్లోకి రాగానే, మా ఊరు మొత్తం కొండ సింహాల ఆవాసం, కాబట్టి ఆ చట్టం మాకు వర్తించదని ప్రకటించేసింది. అటార్నీ జనరల్ కళ్లెర్రజేయడంతో మరుసటి నెలలోనే వెనక్కి తగ్గింది. ఒక్క ఇల్లు ఉంటే ఇబ్బంది పడని సింహం పక్కనే రెండో ఇల్లు కడితే ఎందుకు కలత చెందుతుందో ఏ జంతుశాస్త్రజ్ఞుడూ చెప్పలేదు. మా దగ్గర సింహాలు లేవు. పిల్లుల లెక్క తీయడానికి ఉపసంఘం వేశాం.

ఇక బహిరంగ విచారణ. అభ్యంతరాలు రాయడంలో మావాళ్లు చేయి తిరిగినవాళ్లు. నీడ పడుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, డ్రైనేజీ తట్టుకోదు, అన్నిటికంటే ముఖ్యంగా కాలనీ స్వరూపం చెడిపోతుంది. స్వరూపం అంటే ఏమిటో నిర్వచించమని ప్లానింగ్ ఆఫీసరు అడిగారు. నిర్వచిస్తే దానికి తగ్గట్టు బిల్డరు ప్లాను మార్చుకొస్తాడని తెలిసినవాళ్లం కాబట్టి నిర్వచించలేదు. హాలు నిండా మేమే ఉన్నాం. ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు ఇంకా రాలేదు కదా, విచారణకెలా వస్తారు? తాము ఫలానా కాలనీలో ఉండబోయి ఉండలేకపోతున్నామన్న సంగతే వాళ్లకు తెలియదు. ప్రజాభిప్రాయం ఏకగ్రీవమని మినిట్స్‌లో రాసుకున్నాం.

చిక్కు మాత్రం మాలో మాకే వచ్చింది. కాలనీ 'అసలు రూపాన్ని' కాపాడాలని తీర్మానం రాస్తున్నప్పుడు, అసలు రూపం ఏ సంవత్సరంది అన్న ప్రశ్న లేచింది. లేఅవుట్ వేసిన ఏడాదే అసలు అని పాతకాపులు. అప్పటికి చెట్లు లేవు, రోడ్డు లేదు, అదేం అసలు అని రెండో విడతవాళ్లు. పార్కుకు రెయిలింగ్ వేసిన ఏడాదే పరిపూర్ణమైన రూపమని మూల ప్లాటాయన. గొడవ రెండు సమావేశాలు నడిచింది. చివరకు ఎవరో సభ్యుల రిజిస్ట్రేషన్ కాగితాలు పక్కన పెట్టి చూస్తే, ఎవరు ఏ సంవత్సరం చెబుతున్నారో ఆయన ఇల్లు కొన్నది ఆ సంవత్సరమే. తాను రాకముందు జరిగినదంతా అభివృద్ధి, తాను వచ్చాక జరిగినదంతా విధ్వంసం. ఇంత కచ్చితమైన కాలవిభజన ఏ విశ్వవిద్యాలయం చరిత్రశాఖా చేయలేదని గర్వంగా చెప్పగలను.

సంఘం ఆఫీసులో మా మ్యూజియం ఉంది, అంటే ఒక అల్మరా, గోడ మీద కొన్ని ఫొటోలు. వాటిలో అన్నిటికంటే పాతది మాస్టారు తెచ్చిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో. దున్నిన నేల, ఒక పక్క గడ్డి కప్పిన పాక, ముందు నడుముకు తాడు చుట్టుకుని ఒక మనిషి. ఎండకు కళ్లు చిట్లించి సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు. కింద సంఘం అతికించిన కాగితం ముక్క మీద టైపు చేసిన అక్షరాలు: 'కాలనీ రాకముందు ఖాళీ స్థలం'. ఆ మనిషి ఎవరని మాస్టారు అడిగారొకసారి. ఫొటో స్పష్టంగా లేదని కార్యదర్శిగారు జవాబిచ్చారు.

అల్మరా అడుగు అరలో పాత దస్తావేజుల కట్టలున్నాయి. వాటిని ప్రదర్శనకు పెట్టడం లేదు. కారణం సున్నితమైనది. శివారు కాలనీలకు తల్లిలాంటి లెవిట్‌టౌన్‌నే తీసుకోండి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, బంగాళాదుంపల చేలల్లో 1947 నుంచి 1951 దాకా 17,447 ఇళ్లు లేపారు. తెల్లజాతివాళ్లు తప్ప ఇంకెవరూ ఆ ఇళ్లలో ఉండకూడదని మొదటి ఒప్పందాల్లో అచ్చువేసి మరీ రాశారు. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు, పెద్దమనసు! అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. కులమో మతమో జాతో, కాగితం మీదో నోటి మాటగానో, ఇలాంటి షరతులు దాటుకుని రాని కాలనీలు ఎన్నుంటాయి? ఇదీ చరిత్రే. కానీ ప్రేక్షకులు కుటుంబాలతో వస్తారు కాబట్టి, మేం పాత తిరగలినే ముందు పెడతాం.

జోనింగ్ వ్యవహారం ఇంకా రుచికరం. క్లీవ్‌లాండ్ శివారు యూక్లిడ్ అనే ఊరు 1922లో ఎక్కడ ఏం కట్టాలో గీతలు గీసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1926లో కోర్టు ఊరి పక్షాన తీర్పిస్తూ, ఇళ్ల పేటలో అపార్ట్‌మెంటు తరచు ఒక పరాన్నజీవిలాంటిదని రాసింది. పురుగూ కాదు, జబ్బూ కాదు, మనుషులుండే భవనం! ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి అధ్యక్షులుగారి కుర్చీ వెనక తగిలించాం.

ఆ కుర్చీ వెనక ఫ్రేము ఉండగానే మొన్నటి సమావేశంలో అధ్యక్షులుగారు గొంతు సవరించుకున్నారు. వాళ్లబ్బాయికి ఈ పరిసరాల్లో ఇల్లు దొరకడం లేదట. అద్దెకూ లేవు, కొందామన్నా లేవు, ఎందుకో అర్థం కావడం లేదట. హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అందుకని ఆయన తన ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి, వేరే మెట్లు, వేరే వంటగదీ పెట్టుకుంటానని దరఖాస్తు తెచ్చారు. నిబంధనల ప్రకారం సంఘం అభిప్రాయం కావాలి.

చాలా టెన్షన్ పడ్డాం. అపార్ట్‌మెంటుకు అడ్డు చెప్పిన వాదనలన్నీ అధ్యక్షులుగారి పై అంతస్తుకూ అచ్చంగా అతుకుతున్నాయి. నీడ పడుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది. అప్పుడు తొలిసారిగా గౌరవ సలహాదారును సలహా అడిగారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, లెవిట్‌టౌన్‌లో మొదట కట్టిన ఇళ్లకు పైన అటకను పూర్తి చేయకుండా కావాలనే వదిలేశారని, సంసారం పెరిగితే ఎవరికి వారు పైకి వేసుకోవచ్చన్నదే ఉద్దేశమని చెప్పారు. జనం వేసుకున్నారు కూడా, ఇప్పుడక్కడ మార్పుచేర్పులు లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టమన్నారు. అంటే శివారు కాలనీ సంప్రదాయమే పెరగడం కదా, మరి ఆ పక్క ప్లాటు సంగతి కూడా... అని ఆయన ఇంకేదో అనబోయారు గానీ, అప్పటికే చప్పట్లు మోగిపోయాయి.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అధ్యక్షులుగారి పై అంతస్తు కొత్త నిర్మాణం కాదు, వారసత్వ పునరుద్ధరణ. ఈ చారిత్రక ఆధారం సదరు ఇంటికి తప్ప మరే ప్లాటుకూ వర్తించదని రెండో పేరాలో చేర్చాం. పక్క ప్లాటు మీద మా అభ్యంతరాలు యథాతథం. విచారణ వచ్చే నెలకు వాయిదా పడింది కాబట్టి, పిల్లుల ఉపసంఘాన్ని నివేదిక త్వరగా ఇవ్వమని కోరాం.