ఒక త్రీనాట్‌త్రీ, నాలుగు చిరునామాలు

ఒడిశాలో కొరాపుట్, జయపురం, సునాబెడా వైపు ఉండే తెలుగువాళ్లం పేపరు చదవడంలో ఆరితేరినవాళ్లం. వార్తలో ‘ఆయుధాగారం’ అని ఉంటే సర్కారువారిదనీ, ‘డంప్’ అని ఉంటే అన్నలదనీ రెండో లైనుకి పోకముందే చెప్పేస్తాం. రెండింట్లోనూ ఉండేవి తుపాకులే, తూటాలే. ఒకదానికి శ్లాబు, సెంట్రీ, రిజిస్టరు ఉంటాయి. రెండోదానికి మట్టి, ఎండుటాకులు, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటాయి. ఇంత చిన్న తేడాకి పేర్లలో ఇంత దూరమా అని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. వారి జ్ఞానోదయం కోసమే ఈ వ్యాసం.

ఒక త్రీనాట్‌త్రీ రైఫిల్‌ని తీసుకుందాం. బెంగాల్‌లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో పుట్టి, ఏదో డిపోలో గ్రీజు పూసుకుని కొన్నాళ్లు పడుకుని, చివరికి కొరాపుట్ జిల్లా పోలీసు ఆయుధాగారంలో ఉద్యోగానికి చేరిందనుకోండి. అప్పటికి అది ప్రభుత్వ ఆస్తి. 2004 ఫిబ్రవరి 6న పీపుల్స్‌వార్ వాళ్లు ఆ ఆయుధాగారం మీద పడి వందల తుపాకులు పట్టుకుపోయారు. మన త్రీనాట్‌త్రీ అదే గ్రీజుతో, అదే నంబరుతో అడవిలో గోతిలోకి చేరింది. హోదా మాత్రం పోయింది. ఇప్పుడది డంప్‌లోని మారణాయుధం. అంతకుముందు దాన్ని దేనికి వాడేవారో మరి, చిలకలు తోలడానికి కాబోలు.

ఎప్పటికో కూంబింగ్‌లో దొరుకుతుంది. అప్పుడు చూడాలి దాని వైభోగం. టేబుల్ మీద తెల్లగుడ్డ, వెనక ఫ్లెక్సీ, ముందు కెమెరాలు. తుప్పు పట్టిన మన రైఫిలు మధ్యలో పెళ్లికొడుకులా ఉంటుంది. పక్కన వైరు చుట్టలు, పెన్సిల్ సెల్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కందిపప్పు, ఒక లుంగీ, ఒక కుక్కరు. ఆ కుక్కరు పప్పు ఉడకేసుకోవడానికా, పేల్చడానికా అన్నది ఎవరూ అడగరు. టేబుల్ ఎక్కిందంటే పప్పు కూడా ‘సామగ్రే’. మర్నాడు పేపర్లో ‘భారీ డంప్ స్వాధీనం’. లుంగీతో కలిపితే భారీయే కదా.

అక్కణ్నుంచి మాల్‌ఖానాకి, అంటే పట్టుబడ్డ సొత్తు దాచే పోలీసు గదికి. కేసు తేలేదాకా సొత్తు అక్కడే ఉండాలి. ఒక్కోసారి కేసు తేలేలోగా సొత్తు తేలికైపోతుంది. 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని 2022లో మథుర పోలీసులు కోర్టుకి విన్నవించుకున్నారు. కొండల నిండా సరుకు ఉండి కూడా మా కొరాపుట్, మల్కన్‌గిరి ఎలుకలు ఆ స్థాయి పేరు తెచ్చుకోలేకపోవడం ఈ ప్రాంతం వెనకబాటుతనానికి నిదర్శనం. వెనకబడిన ప్రాంతాల నిధుల్లోంచి వాటికేదైనా శిక్షణ ఇప్పించాలి.

తుపాకుల సంగతే ఇలా ఉంటే బియ్యం సంగతి చెప్పక్కర్లేదు. కొటియా ఊళ్లున్నాయి. పొట్టంగి బ్లాకులోవని ఒడిశా, సాలూరు మండలంలోవని ఆంధ్ర, 21 ఊళ్ల కోసం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన తగువు. అక్కడ చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల రేషన్‌కార్డులూ ఉంటాయి. ఆంధ్ర బియ్యం ‘ఎమ్మెల్లెస్ పాయింట్’ నుంచి దిగుతుంది, ఒడిశా బియ్యం ‘రైస్ రిసీవింగ్ సెంటర్’ నుంచి దిగుతుంది. గిడ్డంగి అంటే అందరికీ అర్థమైపోతుందని భయం. సరే, అంత్యోదయ కార్డుకి నెలకి 35 కిలోలు. రెండు కార్డులకీ ఇస్తే 70. ఆ మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కేవాణ్ని దారిలో పోలీసులు ఆపుతారు.

“ఎవరికిరా ఈ సప్లై?”

“ఇంటికే బాబూ. ఆరుగురం తినాలి.”

“ఆరుగురా, అరవైమందా?”

డిపోలో ఉన్నంతసేపూ సంక్షేమం. మూట గట్టు దాటితే డంప్.

అసలు డంప్‌ని అన్నలు కనిపెట్టారంటే నేనొప్పుకోను. పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచి, వాసనకి ఎవరూ రాకుండా ఒక శవాన్ని కూడా కట్టి, అది నూట ఎనభై ఏళ్ల మా అమ్మ అని గొల్లవాళ్లకి చెప్పారు. అంత పకడ్బందీ కవరింగ్ ఏ దళానికీ చేతకాలేదు. దసరాకి మనం ఆ చెట్టు చుట్టూ తిరిగి దణ్ణం పెడతాం. అదే పండక్కి పోలీసులు తుపాకులకి పసుపుకుంకాలు పెట్టి ఆయుధపూజ చేస్తారు. ఆ కాసేపు డంపూ ఆర్మరీ వియ్యంకులు.

పోలీసు భాషలో తుపాకుల గదికి ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అని ఇంకో పేరుంది. గంట ఉండదు. కంపెనీ కాలంలో గంట ఆకారపు కట్టడాల్లో సిపాయిల తుపాకులు పెట్టి తాళం వేసేవారు. 1857 ఫిబ్రవరిలో బరంపురంలో (మన గంజాం బరంపురం కాదు, బెంగాల్‌ది, మనవాళ్లు అనవసరంగా రొమ్ము విరుచుకోవద్దు) 19వ పటాలం సిపాయిలు ఆ తాళాలు పగలగొట్టి, రోజూ తాము మోసే తుపాకులే తీసుకున్నారు. తుపాకులు వాళ్లవే, తాళంచెవి దొరలది. మార్చి నెలాఖరుకి పటాలాన్నే రద్దు చేశారు.

కాబట్టి రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక నామకరణ కమిటీ వేయాలని కోరుతున్నాను. ఆఫీసు కొటియాలో పెడితే ఇద్దరూ అద్దె కడతారు. కమిటీ మొట్టమొదట తేల్చాల్సింది మ్యాగజైన్ సంగతి. దామన్‌జోడి వైపు గనుల్లో మందుగుండు దాచే గదిని మ్యాగజైన్ అంటారు, అందులో డిటోనేటర్లని మందుకి దూరంగా పెట్టాలని రూలు. వారపత్రికని కూడా మ్యాగజైన్ అనే అంటారు, అందులో మాత్రం అత్తాకోడళ్ల సీరియలూ వంటల పేజీ పక్కపక్కనే ఉంటాయి. ఈ ప్రమాదాన్ని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

కమిటీ ఫైళ్లు పెట్టుకోవడానికి ఒక గది కావాలి. దాన్నేమనాలో ఉపసంఘం చూసుకుంటుంది. ఎలుకల మందుకి మాత్రం బడ్జెట్లో వేరే పద్దు పెట్టాలి.