ఎలుగొడ్డు తెచ్చిన రోగం కాదు మాస్టారూ

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పది రోజుల్నించి ఒక మెసేజ్ తిరుగుతోంది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానమంతా చుట్టి మళ్ళీ మా గ్రూపుకే మూడోసారి వచ్చింది. ఈసారి పంపింది నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు. ఇంక ఊరుకోలేకపోయాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "జీడితోటల్లోకి దిగుతున్న ఎలుగుబంట్లు, నక్కల వల్లే మన కుక్కలకి పిచ్చి పడుతోంది. ముందు వాటిని తరిమెయ్యాలి, తరవాత వీధికుక్కల్ని ఏరెయ్యాలి. కరిస్తే గాటుకి కారం, సున్నం అద్ది, మూడు రోజులు పసరు తాగితే చాలు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోకండి. కుక్క పది రోజులు బతికుంటే ఏ మందూ అక్కర్లేదు. కుక్కపిల్ల కరిస్తే అసలు భయమే లేదు. పదిమందికీ పంపండి."

నేను డాక్టర్ని కాను. పశువుల ఆసుపత్రిలో గొడ్లని పట్టుకోవడం దగ్గర్నించి టీకాల ఐసుపెట్టె మోసుకుని ఊళ్ళంట తిరగడం దాకా అన్నీ చేసినవాణ్ణి. ఆ అనుభవంతోనే, మాస్టారి మీద గౌరవంతోనే రాస్తున్నాను.

ముందు ఎలుగుల సంగతి. వాటి మీద మనకి కోపం ఉండడంలో తప్పు లేదు. జీడిమామిడి పళ్ళు, పనసపళ్ళు పండే రోజుల్లో తెల్లారుఝామున తోటలోకి వెళ్ళాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి, డబ్బా కొట్టుకుంటూ వెళ్ళాలి. 2022లో కిడిసింగి దగ్గర ఎలుగు మనుషుల మీద పడిన సంగతి ఎవరం మర్చిపోలేదు. కానీ ఎలుగు రక్కుతుందని భయపడడం వేరు, పిచ్చిరోగం అదే మోసుకొస్తోందనడం వేరు.

ఈ పిచ్చిరోగాన్నే రేబిస్ అంటారు. మనుషులకి వచ్చే రేబిస్‌లో నూటికి 99 దాకా కుక్కకాటు వల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోగం ఒక ఊళ్ళో నిలిచి ఉండాలంటే ఒకదాన్నించి ఇంకోదానికి గొలుసు తెగకుండా అంటుకుంటూ పోవాలి. ఎలుగు ఒంటరిగా బతికే జంతువు. దానికి పిచ్చి సోకొచ్చు, కాదనను. సోకితే కొద్ది రోజుల్లో చస్తుంది, ఇంకో ఎలుగుని కరిచేలోపే గొలుసు తెగిపోతుంది. కుక్కలకి ఆ ఇబ్బంది లేదు. వీధికి పది, చికెన్ కొట్టు వెనక ఇంకో పది.

ఈ మాట ఊహతో అన్నది కాదు. టాంజానియాలోని సెరెంగెటీ అడవిలో సింహాలు, హైనాలు, నక్కలు, ఇరవై పైచిలుకు రకాల మాంసాహారులు ఉంటాయి. రేబిస్ అడవిలోంచి ఊళ్ళోకి వస్తోందా, ఊళ్ళోంచి అడవిలోకి పోతోందా అని అక్కడ పశువైద్య పరిశోధకులు ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగారు. ఏ కుక్క ఎప్పుడు ఎవర్ని కరిచిందో రాసుకున్నారు, చచ్చిన జంతువుల మెదడు ముక్కల్లో వైరస్‌ని పోల్చి చూశారు. తేలిందేమిటంటే, అడవి జంతువుల్లో కనిపించింది కుక్కల వైరస్సే. అడవి చుట్టూ ఉన్న ఊళ్ళల్లో కుక్కలే ఆ రోగానికి నిలవ చోటు. అదే సెరెంగెటీలో 1994లో డిస్టెంపర్ అనే ఇంకో కుక్కల రోగం పాకి, సుమారు వెయ్యి సింహాలు, అంటే అక్కడున్న వాటిలో మూడో వంతు పోయాయి. మన గిర్ అడవిలో 2018లో ఇరవైకి పైగా సింహాలు చచ్చినప్పుడు కొన్నింటిలో బయటపడింది కూడా డిస్టెంపరే. అది మనుషులకి రాదు గనక మనకి పట్టలేదు.

మా తోటల్లోనే చూశాను. చచ్చిన పెయ్యని పూడ్చడానికి బద్ధకించి, దిబ్బ మీదకి ఈడ్చి పారేస్తారు. సాయంత్రం ఊరికుక్కలు అయిదారు దాని మీద పడి పీక్కుంటుంటే, రెండు బారల దూరంలో నక్క కూచుని తన వంతు కోసం చూస్తుంటుంది. ఓపిక పట్టలేక ముందుకొస్తే కుక్కలు మీదపడి కరుస్తాయి. రోగం చేతులు మారేది అక్కడ. మెసేజ్ రాసినాయనకి ఆ నక్క ఊరి మీదకి రోగం తెచ్చిన దొంగలా కనిపించి ఉంటుంది. నాకైతే అది మన కుక్కల దగ్గర కాటు తిని అడవికి పోయే అమాయకంలా కనిపిస్తుంది. అయితే ఒక్క మాట: నక్కగానీ ఎలుగుగానీ ముంగిసగానీ కరిస్తే టీకా మాత్రం వేయించుకుని తీరాలి. గొలుసుని నిలబెట్టేవి అవి కాకపోయినా, మిమ్మల్ని కరిచినది ఆ గొలుసులో చివరి కొక్కెం కావచ్చు కదా.

ఇక కుక్కల్ని ఏరెయ్యడం. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవికి 1997లో జాలరి పడవలో వచ్చిన కుక్కలతో రేబిస్ దిగింది. చుట్టూ సముద్రమే, బయటికి పోయే దారి లేదు. ఉన్న కుక్కల్లో సగం దాకా చంపారు. రోగం పోలేదు. చంపిన చోట తిండి అలాగే ఉంటుంది, పక్క ఊరి కుక్క వస్తుంది, టీకా వేసిన కుక్క కూడా ఆ చావుల్లో పోతుంది. పైగా 2023లో మన దేశంలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పింది కుటుంబ నియంత్రణ ఆపరేషను, టీకా, పట్టుకొచ్చిన చోటే వదలడం.

లెక్కల మాస్టారికి నచ్చే లెక్క ఒకటుంది. తట్టు వచ్చిన ఒక్క పిల్లాడు టీకాల్లేని ఊళ్ళో పన్నెండు మందికి పైగా అంటించగలడు. పిచ్చికుక్క తోటి కుక్కలకి అంటించేది? సగటున ఒకటికీ రెండుకీ మధ్య. అందుకే ప్రతి కుక్కనీ పట్టుకోనక్కర్లేదు, ఏటేటా నూటికి 70కి టీకా పడితే గొలుసు తెగుతుంది. గోవాలో వలలు పట్టుకుని వీధివీధీ తిరిగి అదే చేశారు. కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయని, మనుషుల చావులు సున్నాకి వచ్చాయని 2022లో ప్రచురించారు.

కారం, సున్నం, పసరు. ఒకసారి ఒక ముసలమ్మ మనవణ్ణి చంకనేసుకుని నేరుగా మా ఆసుపత్రికే వచ్చింది. పిల్లాడి పిక్క మీద నాలుగు పళ్ళ గాట్లు, వాటి నిండా కారం, పిల్లాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "కారమెడితే మంటెడతాది బావూ, మంటెడితే ఇసం సచ్చిపోతాది" అంది. వాణ్ణి బోరింగు దగ్గర కూచోబెట్టి బట్టలసబ్బుతో కడిగాను. పదిహేను నిమిషాలు కడగాలి. చెప్పడానికి చిన్నమాటే గానీ, ఏడుస్తున్న పిల్లాడి కాలు పట్టుకుని, ఇంకొకరు బోరింగు కొడుతుంటే, పదిహేను నిమిషాలంటే ఎంతసేపో ఆ రోజు తెలిసింది. ఈ వైరస్ చుట్టూ కొవ్వుపొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. కారం మాంసాన్ని పుండు చేసి వైరస్‌ని నరాలకి ఇంకా దగ్గర చేస్తుంది. కడిగాక అదే ఆటోలో మనుషుల ఆసుపత్రికి పంపాను.

పసరు తాగి బతికినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కరిచే కుక్కల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతివాడికీ రోగం రాదు. అలా బతికినవాళ్ళందరూ పసరు ఖాతాలోకి వెళ్ళారు. లక్షణాలు మొదలైనవాళ్ళు మాత్రం వచ్చి చెప్పడానికి లేరు.

బొడ్డు చుట్టూ సూదులన్నది తాతల నాటి మాట. 1911లో హిమాచల్‌లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు గొర్రె మెదడుతో చేసిన టీకా అది, 2005కల్లా మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో రెండు భుజాల చర్మంలో చెరో 0.1 మిల్లీలీటరు, మొదలెట్టిన రోజు, తరవాత 3, 7, 28 రోజులకి. గాటు రక్తం వచ్చేలా పడితే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే తయారు మందు, కూడా వెయ్యాలి. టీకా పని మొదలెట్టడానికి వారం పైనే పడుతుంది, అందాకా గాటు దగ్గర కాపలా కాసేది అదే.

పది రోజుల మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ఎక్కువ ప్రమాదం. వైరస్ ఉమ్ములోకి వచ్చిన కుక్క పది రోజుల్లో చచ్చిపోతుంది. కాబట్టి పదో రోజుకీ కుక్క కులాసాగా ఉంటే మిగతా సూదులు ఆపొచ్చా లేదా అని డాక్టరు చూస్తాడు. అంతేగాని పది రోజులు చూసి అప్పుడు మొదలెట్టడం కాదు. పైగా వీధికుక్కని పది రోజులు ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, అదే కుక్కని గుర్తుపట్టేదెవరు?

కుక్కపిల్లలకీ రేబిస్ వస్తుంది. వాటితో ఆడేది పిల్లలు, చిన్న గీటే కదా అని ఇంట్లో చెప్పరు. కుక్కపిల్లకి మూడు నెలలకి మొదటి టీకా, తరవాత డాక్టరు చెప్పిన రోజుకి ఇంకోటి, ఆపైన ఏటేటా.

ఇదంతా మాస్టారికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "ఒరే, మరి మా నల్లదానికి ఎప్పుడేశావు?" అన్నారు చివర్లో. పుస్తకం తీసి చూశాను, పోయినేడాది వెయ్యలేదు. ఆదివారం పొద్దున్నే వస్తానని, ఆరు గంటలకల్లా కట్టేసి ఉంచమని చెప్పాను.