పార్ట్‌నర్ అడిగేది మీ పాయింట్ల మొత్తం కాదు

బ్రిడ్జి పేకాట బల్ల దగ్గర తరచూ వినపడే సంజాయిషీ ఒకటుంది: "నాది మినిమమ్, అందుకే పాస్ చేశాను." పార్ట్‌నర్ ఇన్వైట్ చేయగానే, అంటే గేమ్‌కి (బోనస్ తెచ్చే పెద్ద బిడ్‌కి) వెళ్దామా అని అడగగానే, ఆసుకి నాలుగు, రాజుకి మూడు అని మళ్లీ మొదట్నుంచి కూడడం, తక్కువొస్తే పాస్, ఎక్కువొస్తే గేమ్. మరి పార్ట్‌నర్ మధ్యలో అంత శ్రమపడి ఓ కొత్త సూట్ పేరు ఎందుకు చెప్పినట్టు? ఆ మాటను పట్టించుకునేవాళ్లు తక్కువ. నా కోపమంతా అక్కడే.

వేలం ఇలా నడిచింది: 1 ఇస్పేటు (ఇస్పేటు తురుపుగా, ఆరుకి పైన ఒక ట్రిక్కు గెలుస్తామని) – 2 ఇస్పేటు – 3 డైమను. మీరు 2 ఇస్పేటు అన్నవారు. మీ ముక్కలివి: ఇస్పేటు రాజు 7 3, ఆఠీను రాణి జాకీ 6 4, డైమను 8 5 2, కళావరు రాణి 9 3. ఎనిమిది పాయింట్లు. ఆరు నుంచి తొమ్మిది దాకా చూపించే బిడ్‌కి ఇది పై అంచే కదా అని 4 ఇస్పేటు అనేవాళ్లు కోకొల్లలు. హెల్ప్ సూట్ పద్ధతిలో ఆడేవాళ్లకి 3 డైమను అంటే "ఈ సూట్‌లో నాకు ఓడిపోయే ముక్కలున్నాయి, నువ్వేమైనా ఆదుకోగలవా" అని. మూడు చిల్లర ముక్కలు దానికి అన్నిటికంటే చెడ్డ జవాబు. 3 ఇస్పేటు దగ్గర ఆగాలి.

ఇప్పుడు ఇది చూడండి: ఇస్పేటు రాజు 7 3 2, ఆఠీను 9 6 4 3, డైమను ఆసు 5, కళావరు 8 5 2. ఏడే పాయింట్లు. కళ్లు మూసుకుని 4 ఇస్పేటు చెప్పొచ్చు. డైమను ఆసు ఉంది, రెండే ముక్కలు కాబట్టి మూడో డైమనును తురుపుతో కొట్టొచ్చు, పైగా నాలుగో తురుపు ముక్క. ఎనిమిది ఆగింది, ఏడు వెళ్లింది.

ఇంకో మెలిక ఉంది. మీ జంట షార్ట్ సూట్ ట్రై (తక్కువ ముక్కలున్న సూట్ పేరు చెప్పి గేమ్ అడగడం) ఆడుతుంటే అదే 3 డైమనుకి అర్థం "నాకు డైమను ఒక్కటే ఉంది, లేదా అసలే లేదు" అని. అప్పుడు మొదటి చేతిలోని 8 5 2 బంగారం. మీ పాయింట్లలో ఒక్కటీ డైమనులో వృథా పోలేదు, ఎనిమిదీ పనికొచ్చేవే. గేమ్ చెప్పాలి. అదే డైమనులో రాజు, రాణి ఉండుంటే ఆ అయిదు పాయింట్లకీ పెద్దగా విలువుండదు. అవే ముక్కలు, అదే వేలం, జవాబు మాత్రం పూర్తిగా తలకిందులు. "గేమ్ ట్రైలు ఆడతాం" అని చెప్పి ఏ రకమో మాట్లాడుకోని జంటలను చూస్తే జాలేస్తుంది. అలాగే 1 ఇస్పేటు – 2 ఇస్పేటు – 3 ఇస్పేటు. కొందరికది ఇన్వైట్, కొందరికి ప్రత్యర్థులను అడ్డుకునే బిడ్ మాత్రమే. ఆ రెండో రకంలో ఎంత బలముంటే మాత్రం పైకి వెళ్లే ప్రశ్నే లేదు.

లిమిట్ రైజ్‌కి (మీ సూట్‌నే మూడుకి పెంచి పార్ట్‌నర్ చేసే ఇన్వైట్‌కి) జవాబిచ్చేటప్పుడు పాయింట్ల కంటే లూజర్ల (ఓడిపోయే ముక్కల) లెక్క చాలాసార్లు బాగా దారి చూపిస్తుంది. సూట్‌లో మొదటి మూడు ముక్కల దాకానే చూసి, ఆసు, రాజు, రాణిలో లేనివాటిని లెక్కపెట్టాలి. రెండు ముక్కలే ఉంటే ఆసు, రాజు మాత్రమే. ఒంటి ముక్కయితే ఆసొక్కటే. రెండు చేతుల లూజర్లూ కలిపి 24లోంచి తీసేస్తే వచ్చే ట్రిక్కుల అంచనా. 1 ఇస్పేటు – 3 ఇస్పేటు చెప్పిన పార్ట్‌నర్‌కి సాధారణంగా ఎనిమిది. మీకు ఇస్పేటు ఆసు రాణి 10 8 4, ఆఠీను 5, డైమను ఆసు 10 7 3, కళావరు రాజు 6 2 ఉంటే ఆరు లూజర్లు, అంటే పది ట్రిక్కులు. ఇస్పేటు రాజు రాణి జాకీ 6 4, ఆఠీను రాణి జాకీ, డైమను రాజు 8 3, కళావరు జాకీ 7 5 ఉంటే ఎనిమిది లూజర్లు, ఎనిమిదే ట్రిక్కులు. రెండూ పదమూడు పాయింట్లే! తురుపులో జోడీ కుదిరినప్పుడే ఈ లెక్క. నో ట్రంప్‌కి, అంటే తురుపు లేని ఆటకి, దీన్ని తగిలించకండి.

నో ట్రంప్‌లో పదులు, తొమ్మిదులు, అయిదు ముక్కల సూట్ చూడాలి. 15-17 పాయింట్లు చూపిస్తూ మీరు 1 నో ట్రంప్ తెరిచాక పార్ట్‌నర్ 2 నో ట్రంప్ అని ఇన్వైట్ చేశాడు. డైమను రాజు రాణి జాకీ 10 5తో ఉన్న పదిహేను, నాలుగు-మూడు-మూడు-మూడుగా పరుచుకుని పదులే లేని పదహారు కంటే మంచి చెయ్యి. అసలు ఇన్వైట్ చేసేవాళ్ల తప్పు కూడా ఉంది. సూట్ బలం లేని బోడి ఎనిమిదితో 2 నో ట్రంప్ ఎందుకు? అటు పదిహేనుంటే మొత్తం 23, ఆ 2 నో ట్రంపే ఓడిపోవచ్చు. పాస్ చేసి 1 నో ట్రంప్ ఆడుకోవడం మేలు.

1 నో ట్రంప్ – 2 డైమను ట్రాన్స్‌ఫర్ (నాకు ఆఠీన్లున్నాయి, నువ్వు 2 ఆఠీను చెప్పు అని) – 2 ఆఠీను – 2 నో ట్రంప్ తర్వాత మీ ముందు నాలుగు దారులున్నాయి: పాస్, 3 ఆఠీను, 3 నో ట్రంప్, 4 ఆఠీను. పార్ట్‌నర్‌కి అయిదు ఆఠీన్లున్నాయని తెలిశాక కూడా మూడు ఆఠీన్లతో 2 నో ట్రంప్‌ని పాస్ చేసేవాళ్లున్నారు, నమ్మండి.

స్కోరింగ్ కూడా జవాబును మారుస్తుంది. ఐఎంపీల్లో (రెండు బల్లల స్కోర్ల తేడాను పాయింట్లుగా మార్చే పద్ధతిలో) వల్నరబుల్‌గా (గేమ్ బోనస్, ఓడితే జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉండి 4 ఇస్పేటు చెప్పి గెలిస్తే 620. అవతలి బల్ల మీద పది ట్రిక్కులు చేసి పార్ట్‌స్కోరులో (గేమ్ కంటే కింది బిడ్‌లో) ఆగినవాళ్లకి 170. తేడా 450, పది ఐఎంపీలు. ఒకటి తగ్గితే మీకు మైనస్ 100, వాళ్లకి 140. తేడా 240, ఆరు ఐఎంపీలు. అంటే గేమ్‌కి 37.5 శాతం అవకాశముంటే చాలు. వల్నరబుల్ కాకపోతే లాభం ఆరు, నష్టం అయిదు, దాదాపు 45 శాతం కావాలి. మ్యాచ్‌పాయింట్లలో (తేడా ఎంతన్నది కాక, ఎన్ని జంటలను దాటారన్నదే చూసే పద్ధతిలో) సగానికి సగం. వల్నరబుల్ గేమ్‌కి తటపటాయించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి. కానీ పక్కనున్న పార్ట్‌నర్ ఇదే లెక్కతో ముందే ఓ పాయింటు తగ్గించుకుని ఇన్వైట్ చేస్తాడని గుర్తుంచుకోండి. ఇద్దరూ ఒకే తగ్గింపును రెండుసార్లు వాడుకుంటే 22 పాయింట్లతో 3 నో ట్రంప్‌లో తేలతారు. ఇన్వైట్ బరువుగా, ఒప్పుకోలు తేలికగా ఉండాలని నేనంటాను. చేసే ముందు ఆలోచించి చేయమనండి, చేశాక నమ్మండి.

ప్రత్యర్థులు వేలంలోకి దూరితే గందరగోళం రెట్టింపు. 1 ఇస్పేటు – (2 ఆఠీను) – 2 ఇస్పేటు – (3 ఆఠీను) – 3 ఇస్పేటు. బ్రాకెట్లలోవి వాళ్ల బిడ్లు. ఈ చివరి 3 ఇస్పేటు పోటీ బిడ్. "వాళ్లను ఆడనివ్వను" అనడమే తప్ప గేమ్ అడగడం కాదు. దీన్ని 4కి లాగితే తప్పు మీదే. మరి గేమ్ అడగాలంటే ఎలా? 3 ఆఠీనుకీ 3 ఇస్పేటుకీ మధ్యలో ఖాళీ లేదు కాబట్టి డబుల్‌ని (మామూలుగా ప్రత్యర్థుల బిడ్ మీద పందెం పెంచే పిలుపును) గేమ్ ట్రైగా వాడతారు. ముందే ఒప్పందం ఉండాలి, లేకపోతే పార్ట్‌నర్ పెనాల్టీ అనుకుని పాస్ చేస్తే 3 ఆఠీను డబుల్డ్ గెలిపించి వాళ్లకి గేమ్ కట్టబెడతారు. వాళ్ల సూట్ డైమను అయితే 3 ఆఠీను ఖాళీగా ఉంటుంది. అదే గేమ్ ట్రై, ఆఠీన్లున్నా లేకపోయినా. అప్పుడు డబుల్ మళ్లీ పెనాల్టీయే.

చివరిగా తాత్సారం సంగతి. మీ 3 డైమను ట్రైకి పార్ట్‌నర్ చాలాసేపు నానబెట్టి 3 ఇస్పేటు అన్నాడు. చెప్పాలా వద్దా అన్నంత దగ్గరగా ఉన్నాడని బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోయింది. దాన్ని పట్టుకుని మీరు 4 ఇస్పేటు అంటే డూప్లికేట్ (అన్ని బల్లల మీదా అవే ముక్కలు ఆడే పోటీ) నిబంధనల్లో 16వది అడ్డొస్తుంది: బిడ్ ద్వారా కాకుండా దాని తీరు ద్వారా అందిన సమాచారం సూచించే దారిని, సబబైన మరో దారి ఉండగా, ఎంచుకోకూడదు. ట్రై చేసింది మీరు, కాదన్నది అతను. గేమ్ గెలిచినా డైరెక్టర్ వచ్చి స్కోరును 3 ఇస్పేటుకి దించి 170 రాస్తే నోరెత్తడానికేమీ ఉండదు.